తెల్లని మొప్పలు

మా ఆయన యాసిన్ బెజవాడ పటమటలో చేపలు అమ్ముతారు. కొనేవాళ్లు ముందు మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే తాజా చేప, పాలిపోతే బేరం లేదు. ఆ అలవాటు ఆయనకి ఇంట్లో కూడా పోలేదు. పొద్దున్నే మా ఇఫ్రా కంటి కింది రెప్ప లాగి చూస్తారు. పిల్లకి తలసీమియా. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎవరో పుణ్యాత్ములు ఇచ్చింది ఎక్కించాలి. తొమ్మిదేళ్ల పిల్ల, "నేనేమన్నా బొచ్చె చేపనా?" అని విసుక్కుంటుంది.

పోయినసారి రక్తం ఎక్కుతున్నంతసేపూ ఫోన్లో ఒక వీడియో చూసింది. దక్షిణ ధ్రువం చుట్టూ మంచు కప్పుకున్న సముద్రం. అందులో ఒక చేప రక్తంలో ఎరుపే లేదట, నీళ్లలా ఉంటుందట. మొప్పలు కూడా తెలుపే. చల్లటి నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువ కరిగి ఉంటుంది కాబట్టి దానికి అదే చాలట.

ఇంక చూడండి. ఈసారి ఆస్పత్రి రోజు రాగానే పిల్ల మంచం దిగనంది.

"నాకు రక్తం అక్కర్లేదు అమ్మీ. నన్ను చల్లగా ఉంచండి చాలు."

నరం దొరక్క నర్సులు ఎన్నిసార్లు పొడుస్తారో నాకు తెలుసు. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. రెండు తగిలించి లాక్కెళ్లేదాన్నే. మా ఆయన అడ్డం పడ్డారు.

"ఒక్కరోజు ఆగు ఇల్మా. రేపటికి నేను ఒప్పిస్తాగా."

కూతురు అడిగితే కొండ మీది కోతినైనా తెచ్చే మనిషి. ఒప్పించడం దేవుడెరుగు, కొట్లోంచి ఐసు తెచ్చి డాబా మీద టబ్బు నింపారు. చేపలవాళ్లకి ఐసుకేం కరువు! సాయంత్రం నేను పైకెళ్లేసరికి పిల్ల వాళ్ల నాన్న పక్కన కూర్చుని, ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. రోహిణి కార్తె వేడి ఇంకా పిట్టగోడల్లోంచి కొడుతోంది. తిడదామని నోరు తెరిచాను గానీ, దాని మాటలు విని అక్కడే కూర్చుండిపోయాను.

"పైనంతా మంచు, అబ్బాజాన్. మంచుకి అడుగున పచ్చగా నాచు పట్టింది. చిన్న రొయ్యల్లాంటివి తలకిందులుగా ఈదుతూ ఆ నాచు గీక్కుని తింటున్నాయి."

"మన పామర్రు చెరువుల్లో రొయ్యలంత ఉంటాయా?"

"ఇంకా చిన్నవి. కానీ బోలెడన్ని. వాటి కోసం తిమింగలాలు వస్తాయి. బాగా అడుక్కి దిగితే అన్నీ గూళ్లే, పళ్లేల్లా గుండ్రంగా. ఒక్కో గూట్లో ఒక్కో తెల్ల చేప గుడ్లకి కాపలా. ఎక్కడికీ పోదు."

ఆయన కూడా కళ్లు మూసుకున్నారు. దాచడమెందుకు, నేనూ మూసుకున్నాను. రోడ్డు మీది హారన్లు ఎటో వెళ్లిపోయాయి. నా చుట్టూ నీలం నీళ్లు, నా ఒళ్లో నా పిల్ల, దానికి ఏ సూదీ అక్కర్లేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మాట ఆగిపోయింది. కళ్లు తెరిస్తే ఇఫ్రా వాళ్ల నాన్న భుజం మీదికి ఒరిగిపోయి ఉంది. పెదాల్లో రంగు లేదు. ఆయన రెప్ప లాగి చూశారు. లోపల తెల్లగా ఉంది. పిల్లని ఎత్తుకుని చెప్పుల్లేకుండానే మెట్లు దిగారు.

ఆస్పత్రిలో శాలిని డాక్టరుగారు ఆ చేప సంగతంతా విని మమ్మల్ని ఉతికి ఆరేశారు. "అదంటే పిల్ల. మీకేమైందండీ?" సగం సంచీ రక్తం ఎక్కాక పిల్ల కళ్లు తెరిచింది. డాక్టరుగారు దాని పక్కన కూర్చున్నారు.

"ఆ చేప నిజమేనమ్మా. కానీ దాని గుండె చాలా పెద్దది, ఒళ్లంతా ఆ చలికే తయారైంది. నీది మన బెజవాడ ఒళ్లు. దాన్ని ఇక్కడికి తెస్తే దానికీ ఊపిరాడదు."

"మరి అక్కడే నీళ్లు వేడెక్కితే?"

"వేడెక్కుతున్నాయమ్మా. అదే భయం."

ఇఫ్రా పైన వేలాడుతున్న ఎర్ర సంచీని చూసింది.

"నాకైతే ఎవరో ఒకరు ఇస్తారు. దానికెవరిస్తారు?"

పిల్ల సూది కదలకుండా చెయ్యి తనే సరిగ్గా చాపుకుంది.

మా ఆయన గోడవారగా కింద కూర్చుని చేతులెత్తారు. పెళ్లైన దగ్గర్నుంచీ చూస్తున్నాను, చేపలు తెగ్గొట్టి అమ్మే మనిషి. ఒక చేప బతకాలని ఆయన దువా చేయడం అప్పుడే చూశాను. పక్కన కూర్చుని నేను ఆమీన్ అన్నాను.