కత్తి కింద కునుకు

అత్తగారు పోయినందుకు కటాల్దో పెద్దగా ఏడవలేదు గాని, గడ్డం మాత్రం పెంచాడు. ఆ ఊళ్లో మగవాడి దుఃఖం గడ్డంలో కనిపించాలి. నెల తిరిగాక పోయినవాళ్ల కోసం చర్చిలో చేసే పూజ, మాస, అయ్యాక దాన్ని మరొకరి చేతే తీయించుకోవాలి. సొంతంగా గీసుకుంటే పోయినవాళ్లు ఇల్లు వదలరంటారు. కటాల్దోకి ఆ భయం లేదు. భార్య ఫిలొమేనాకి ఉంది.

కటాల్దోదీ క్షౌరవృత్తే. ఊళ్లో అతను కాక క్షౌరం చేసేవాడు ఒక్కడే, ఫొర్టునాటో.

ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. కలిసి కొట్టు పెడదామనుకుని, బోర్డు మీద మాట దగ్గర విడిపోయారు. ‘బార్బియెరె’ అని రాయిద్దామన్నాడు కటాల్దో. బార్బ అంటే గడ్డం. గడ్డంలోంచి పుట్టిన పేరు. ఫొర్టునాటో ‘పర్రుక్కియెరె’ అన్నాడు. పర్రుక్క అంటే విగ్గు. ఆ పేరు దాన్లోంచి పుట్టింది.

“నీ జన్మలో ఎన్ని విగ్గులు కుట్టావురా?”

“నీ పేరు గడ్డాన్ని నమ్ముకుంది. ఇంటింటికీ బ్లేడు వచ్చిననాడు దానికీ దినం పెట్టుకో!”

అప్పట్నుంచీ ఎదురెదురు కొట్లు. మాటల్లేవు.

ఇప్పుడు గడ్డం వేసుకుని ఇతరుల గడ్డాలు గీస్తుంటే, “మేస్త్రీ, ఇన్నాళ్లకి పేరు నిలబెట్టావు!” అని వచ్చినవాళ్లవి ఒకటే నవ్వులు. కటాల్దో కూడా నవ్వేవాడు. అతని బెంగ వేరు. వచ్చినవాడికల్లా అతను చెప్పే మాట ఒకటుంది: “కత్తి కింద కునుకు పట్టిందా, ఆ చెయ్యి మంచిదన్నమాట. మెడకి అబద్ధాలు రావు.” ఫొర్టునాటో కుర్చీలో సొంత మెడే తన మీద సాక్ష్యం చెబితే?

“రాయిలా కూర్చుంటా,” అన్నాడు మాస అయ్యాక.

“రాయికి గడ్డమెందుకయ్యా, పద!” అంది ఫిలొమేనా.

ఫొర్టునాటో కొట్టు గుమ్మంలో జనం పేపర్లు చదువుతున్నట్టు నటిస్తున్నారు. ఫొర్టునాటో గుడ్డ కప్పాడు, వేడి తువ్వాలు వేశాడు. కటాల్దో కళ్లు విప్పార్చి పైకప్పు మీది బీటనే చూస్తూ తప్పులు వెతికాడు. సబ్బుకి నిమ్మవాసన ఎక్కువ. కుంచె ముసలిది. కత్తి చెవి కింద ఆనింది. చిటికెనవేలు పైకెత్తి, దవడ కిందనుంచి తిప్పుకొచ్చిన ఆ చెయ్యి అచ్చం గురువుగారిదే. జీవితమంతా తను ఎందరివో చెంపలు పట్టుకున్నాడు. తన చెంపని పట్టుకున్నవాళ్లు ఎవరు? ఆలోచించకూడదనుకున్నాడు. పైకప్పు మీది బీట ఒక బాటలా ఉంది. దానివెంట కాస్త దూరం నడిచాడు.

తన గురకకే మెలకువ వచ్చింది.

గుమ్మం గొల్లున నవ్వింది. “మేస్త్రీ, మెడ నిజం కక్కేసింది!”

“నోళ్లు ముయ్యండ్రా,” అన్నాడు ఫొర్టునాటో తువ్వాలు మడుస్తూ. “వాడు నిద్రపోలేదు. కళ్లు మూసుకుని నా పని పరీక్షిస్తున్నాడు.”

“గురక పెట్టి మరీనా?”

“పనితనం తెలిసినవాళ్ల పరీక్ష అలాగే ఉంటుంది.”

నవ్వులకంటే ఆ అబద్ధమే ఎక్కువ గుచ్చుకుంది. కటాల్దో తన కొట్లోకి వచ్చి అద్దం ముందు మొహమంతా గాలించాడు. ఎడమ చెవి కింద ఒక్క వెంట్రుక! పెళ్లినాడు కూడా అంత సంతోషించి ఎరగడు. కత్తి ఎత్తాడు, ఆగిపోయాడు. ‘ఒక్కటి వదిలెయ్యండ్రా, మనిషి మళ్లీ వస్తాడు’ అనేవాడు గురువు.

కత్తి కింద పెట్టి టోపీ అందుకున్నాడు.

“మళ్లీ ఎక్కడికి?” అంది వెనకే వచ్చిన ఫిలొమేనా.

“వెధవకి వాడి తప్పు చూపించొస్తా,” అన్నాడు, గాలికి ఎగిరిపోతుందేమోనన్నట్టు ఆ వెంట్రుకకి చెయ్యి అడ్డం పెట్టుకుని.