పురుగుమందు డబ్బాల దరువు

ఆ రోజుల్లో వత్సవాయిలో ఏ ఇంటికి వెళ్ళినా పురుగుమందు డబ్బా ఒకటి కనిపించేది. ఒకరింట్లో దాన్లో కిరసనాయిలు, ఇంకొకరింట్లో ఉప్పు. కడిగితే చాలదా అనుకునే అమాయకత్వం మనది, చదువరులారా! 1987లో పురుగుమందు కంపెనీ జీపు ఊళ్ళోకి వచ్చి, జగ్గయ్యపేట రైతు సభకు ఖాళీ డబ్బా తెచ్చినవారికి తువ్వాలు ఉచితమని మైకులో చాటి వెళ్ళింది.

సౌభాగ్యమ్మ ఇంట్లో డబ్బా ఖాళీ కాలేదు. ఆ మందు కొడుతూనే కిందటేడు ఆమె భర్త ఇశ్రాయేలు పత్తిచేలో నురగలు కక్కుతూ పడిపోయాడు. నందిగామ ఆస్పత్రికి బస్సులో తీసుకుపోతుండగానే ప్రాణం పోయింది. కంపెనీ అధికారి తిరుపతిరావు పలకరించడానికైనా రాలేదు సరికదా, "మా మందు అమృతం. ఆయనే తాగి చేలోకి దిగాడు" అని నలుగురిలో అన్నాడు. ఇశ్రాయేలు చర్చి పెద్ద, కల్లు వాసన ఎరగని మనిషి. కొడుకు ప్రేమానందాన్ని చావుకన్నా ఆ మాటే ఎక్కువ కాల్చింది.

ప్రేమానందం బెజవాడ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. సభలో పాటలకు రమ్మని కంపెనీ కబురు పెడితే వెంటనే ఒప్పుకున్నాడు.

"వాళ్ళ ఉప్పు తింటావట్రా?" అంది తల్లి.

"వాళ్ళ మైకులోనే వాళ్ళ పరువు తీస్తానమ్మా. నాన్నని తాగుబోతన్నోణ్ణి ఊరికే వదుల్తానా? నువ్వు మన డబ్బా పట్టుకుని రా."

సభలో తిరుపతిరావు, "హుషారైన పాట అందుకోవోయ్!" అన్నాడు. గిటారు గర్జించింది, డ్రమ్ములు దద్దరిల్లాయి. అలాంటి పాట జగ్గయ్యపేటలో ఎవరూ విని ఎరగరు.

"విత్తనం నీదంటివి, మందూ నీదంటివి
పురుగు బతికె, మా నాన్న చచ్చె, ఎవడిది పాపం?
చెప్పు దొరా, ఎవడిది పాపం?"

"కరెంటు తీసెయ్యండ్రా!" అని అరిచాడు తిరుపతిరావు. గిటారు మూగబోయింది. అంతలో వెనక వరుసలోంచి సౌభాగ్యమ్మ పొరుగింటి బసవమ్మ తన ఖాళీ డబ్బా మీద దరువేసింది. తువ్వాళ్ళ కోసం వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ డబ్బాలే! ఆవరణంతా "ఎవడిది పాపం?" అని హోరెత్తింది.

సౌభాగ్యమ్మ వేదికెక్కి మూత తీసి డబ్బాను అధికారి ముఖం ముందు పెట్టింది.

"అమృతమన్నారుగా, అయ్యగారూ. ఒక్క చుక్క నాలిక మీద వేసుకోండి."

ఆయన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి గెంతాడు. "విషమమ్మా అది! మూత పెట్టు!"

ఆ మాట ముందు వరుసలు విని వెనక్కి చెప్పాయి. బసవమ్మ నిన్నటిదాకా ఉప్పు పోసుకున్న తన డబ్బాను నేలకేసి కొట్టింది.

"మా నాన్న ఇశ్రాయేలు తాగలేదని చెప్పు," అన్నాడు ప్రేమానందం.

"తాగలేదు," అన్నాడు తిరుపతిరావు తల దించుకుని.

ఏడాదిగా మండుతున్న ప్రేమానందం కడుపు ఆ ఒక్క మాటతో చల్లబడింది. తువ్వాలు ఒక్కరూ ముట్టలేదు. డబ్బాలన్నీ కంపెనీ జీపులోకి విసిరారు.

అప్పుడు సౌభాగ్యమ్మ జనం వైపు తిరిగింది.

"అమ్మేవాడు తను ముట్టనిదాన్ని మన చేత కొట్టిస్తున్నాడు. వాణ్ణి నిలదీసి అడగనంతకాలం మన చావుకి నింద కూడా మనమే మోస్తాం!"