పగిలినవాటి బుట్ట

పింగాణీ కొట్టు పెద్దాయనకి కప్పును గోటితో మీటితే చాలు, లోపలి సంగతి తెలిసిపోతుంది. గట్టిది ఖంగుమంటుంది, బీటవారినది బొంగురుపోతుంది. మనుషుల విషయంలోనూ తన అంచనా తప్పదని ఆయన ధీమా.

ఆమధ్య కొట్టు వ్యాను బోల్తాపడి డ్రైవరు చావు తప్పి బయటపడ్డాడు. హారను మోగితే చాలు, వణికిపోయేవాడు. పెద్దాయన మూడు నెలలు అతన్ని గోడౌనులోనే ఉంచి, డాక్టరుకి చూపించాడు. ఇప్పుడు మళ్ళీ స్టీరింగు పట్టాడు. కనబడే దెబ్బకి జాలిపడటం తేలికే.

ప్యాకింగు చేసే ఆమె తీరే ఆయనకి మింగుడుపడలేదు. ఏ ప్రమాదమూ జరగలేదు కదా! అయినా ఈ నెలలో ఇది మూడోసారి: పగిలిన కప్పును కాగితంలో పొందికగా చుట్టి, మంచివాటి మధ్య పెట్టెలో దాచేసింది. హోటలువాళ్ళు తిప్పి పంపారు.

"పగిలితే చెప్పడానికేం? బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావే? రేపట్నుంచి రావద్దు!"

ఆమె రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని గోడకి అంటుకుపోయింది. ఆయన చెయ్యి ఎత్తనేలేదు.

డ్రైవరు ఆయన్ని పక్కకి లాగాడు.

"ఆ మొగుడితో పన్నెండేళ్ళ కాపురం అయ్యా. గ్లాసు పగిలితే అక్క ఒళ్ళు పగిలేది. దాస్తేనే ఆ పూట గడిచేది."

"వాడు పోయి రెండేళ్ళయిందిరా!"

"నాది ఒక్కరోజు దెబ్బ. ఇదుగో ఈ రోజని డాక్టరుకి చూపించాను. అక్క ఏ రోజుని చూపిస్తుంది? గోడౌనులో నేను వణుకుతుంటే పక్కన కూర్చున్నది ఆవిడే."

పెద్దాయనకి కప్పుల సంగతి తెలుసు. కిందపడ్డ కప్పు ఒక్కసారే పగులుతుంది. రోజూ మరిగే నీళ్ళు పోసిన కప్పు పైకి నున్నగానే ఉంటుంది, బీట లోపలుంటుంది. అది తెలిసీ, ఇన్నాళ్ళూ ఈమెని తను మీటింది కేకలతో.

మర్నాడు డ్రైవరుచేత ఆమెని పిలిపించి, ఆమె బల్ల పక్కన వెదురుబుట్ట పెట్టాడు.

"పగిలినవి ఇందులో వెయ్యమ్మా. ఎవరూ ఏమీ అడగరు. నిన్నటి మాట నాది, వెనక్కి తీసుకున్నాను. ఇష్టమైతే వీడి డాక్టరుకి నువ్వూ చూపించుకో."

"నేను తోడొస్తానక్కా," అన్నాడు డ్రైవరు.

నాలుగు రోజులు బుట్ట ఖాళీ. అయిదో రోజు ఠప్పుమంది. పెద్దాయన అలవాటుగా నోరు తెరిచి, దగ్గుతో సరిపెట్టుకున్నాడు.

ఆమె చుట్టే కాగితం అందుకోబోయి ఆగింది. తర్వాత ముక్కలు ఏరి బుట్టలో వేసింది.

"నేనే పగలగొట్టాను, బాబాయిగారూ."

"చెయ్యి తెగలేదు కదా?"

"నన్నెప్పుడైనా ఇంత మెత్తగా అడిగారా అయ్యా?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు పగలగొట్టింది వ్యానురా!"

ఆమె నవ్వు ఆపుకుంటూ ఇంకో కప్పు తీసుకుంది.