మిను మానేసిన బిళ్లలు

మా చెల్లెలు మినుని స్టెరాయిడ్ బిళ్లలు ఒక్కసారిగా మానెయ్యమన్నది నేనే. బెంగాల్‌లోని కృష్ణనగర్‌లో మా వీధివాళ్లు నన్ను హోమియో బాబు అంటారు. వైద్యం ఎక్కడా చదవలేదు. పోస్టాఫీసులో రిటైరయ్యాక రెండు లావుపాటి పుస్తకాలు, ఒక పెట్టెడు సీసాలు కొనుక్కుని, సాయంత్రాలు వరండాలో కూర్చుని మందులిస్తున్నాను. ఫీజు తీసుకోను కాబట్టి నా మాటకి ఎవరూ ఎదురు చెప్పరు.

మిను కీళ్లవాతానికి నాలుగేళ్లుగా ఆ బిళ్లలు వేసుకుంటోంది. మొహం ఉబ్బి గుండ్రంగా తయారైంది. దుర్గాపూజకి చీర కొందాం పదమంటే, "ఈ మొహానికి కొత్త చీరొకటా దాదా" అంది. నా మనసు చివుక్కుమంది.

"ఇంగ్లీషు మందు ఒంట్లో ఉండగా నా మందు పనిచెయ్యదు. రేపట్నుంచి అవి మానెయ్" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు పిచ్చిది.

మూడోనాడు వాంతులు మొదలైతే, పాత విషం బయటికి పోతోందని ధైర్యం చెప్పాను. నాలుగోనాడు చేప తరుగుతూ కత్తిపీట పక్కనే కూలిపోయింది.

ఆసుపత్రిలో సెలైన్, ఇంజెక్షన్లు పెట్టి ఎలాగో ప్రాణం నిలబెట్టారు. డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. "మందు బయట్నుంచి వస్తుంటే, ఒంట్లో అలాంటిదే తయారుచేసే గ్రంథులు పని మానేస్తాయి. అవి మళ్లీ దారిలో పడటానికి నెలలు పడుతుంది. మానెయ్యమని ఎవరు చెప్పారు?" అని అడిగింది.

"మర్చిపోయానమ్మా" అంది మిను మంచం మీంచి. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. అంత సిగ్గుమాలిన పని నా బతుకులో ఇంకోటి చెయ్యలేదు.

రెండు నెలల తర్వాత చూపించుకోడానికి వెళ్లాం. మోతాదు తగ్గించమని మిను బతిమాలింది.

"తగ్గించచ్చు. కానీ నెలకి ఒక్కో మిల్లీగ్రాము చొప్పున, ఒక్కరోజు కూడా తప్పకుండా సాగాలి. నాలుగు రోజులు మర్చిపోయిన మనిషిని నమ్మి ఎలా మొదలుపెట్టను? ఇంకో ఆర్నెల్లు ఇదే వాడండి" అంది డాక్టరమ్మ.

మిను తలొంచుకుంది. నావైపు చూడనైనా చూడలేదు. గుమ్మం బయట బెంచీ మీద మా వీధి ఘోషాల్ ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. అతని దగ్గుకి మందిస్తున్నది నేనే.

"తను మర్చిపోలేదమ్మా. నేను మానెయ్యమన్నాను. వాంతులైనప్పుడు కూడా పాత విషం పోతోందని నేనే సర్దిచెప్పాను" అన్నాను.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "అంటే మీరు చెబితే తూచా తప్పకుండా వింటుందన్నమాట" అంది. కాగితం మీద నెలవారీ మోతాదులు రాసి, మినుకి కాకుండా నాకు ఇచ్చింది. "రోజూ మీ చేత్తో ఇవ్వండి. జ్వరమొచ్చినా, వాంతులైనా, నీరసంగా ఉన్నా వెంటనే నాకు ఫోన్ చెయ్యాలి. మీ అంతట మీరు మార్చకూడదు, ఆపకూడదు."

ఇంటికొస్తుంటే రిక్షాలో మిను గొణిగింది. "నీ పరువు పోతుందని నేను అబద్ధమాడితే, ఆ ఘోషాల్ చెవిన వేస్తావా? సాయంత్రానికల్లా వీధంతా చాటింపు వేస్తాడు."

"వెయ్యనీ" అన్నాను.

సీసాల పెట్టె మంచం కిందికి తోసేశాను. ఇప్పుడు రోజూ పొద్దున్న మరమరాలు, టీ అయ్యాక, కాగితం రెండుసార్లు చూసుకుని మిను అరచేతిలో బిళ్లలు పెడతాను. ఇప్పటికి మూడు మిల్లీగ్రాములు తగ్గాం.

"ఇవి నీవా, డాక్టరమ్మవా?" అని రోజూ దెప్పుతుంది.

నేను జవాబు చెప్పేలోపే మింగేస్తుంది.