వెయ్యీ పన్నెండు రోజుల గులాబీ

ఆగండాగండి, అప్పుడే పేజీ తిప్పేయకండి. కాసేపు కూర్చుని ఇది వినండి. ఒక గులాబీ కొమ్మకీ, ఒక పెద్దమ్మకీ, అడ్డంగా గీసిన ఒక చిన్న గీతకీ మధ్య ఇరుక్కుపోయిన పిల్ల కథ ఇది. మధ్యలో కంప్యూటర్ వస్తుంది. వచ్చినా ఏం ఫరవాలేదు, తినేయదు.

ఆ పిల్లను ఇంట్లో అందరూ పిడుగు అంటారు. చదువైపోయి ఉద్యోగంలో చేరినా ఆ పేరు వదల్లేదు. ఆమెకు నడక రాదు, పరుగే వచ్చు. మాట మొదలుపెడితే మధ్యలో ఊపిరి తీసుకోవడం గుర్తుండదు. వెబ్‌సైట్లు బాగుచేసే ఓ చిన్న కంపెనీలో పని. అక్కడ నేర్చుకున్న ప్రతి కిటుకునూ ఆ సాయంత్రమే ఇంట్లో ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే ఆమెకు అన్నం సహించదు.

పెద్దమ్మ అంటే వాళ్లమ్మకు సొంత అక్క. బట్టలు కుట్టి బతికిన మనిషి. చూపు కొంచెం కొంచెంగా మసకబారి, చివరికి పూర్తిగా పోయాక, మిషను అమ్మేసి చెల్లెలి ఇంటికి వచ్చేసింది. మూడో అంతస్తులో బాల్కనీ ఉన్న గది ఆమెది. కళ్లు పోయినందుకు ఆవిడ పెద్దగా ఏడ్చింది లేదు. ఆవిడ బాధ వేరే ఉంది. తెల్లారి లేస్తే చాలు, ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆవిడ తప్పులు పట్టుకునేవాళ్లే. "అక్కా, అది పంచదార కాదు, ఉప్పు." "పెద్దమ్మా, చొక్కా తిరగేసి మడతపెట్టావ్." "పెద్దమ్మా, టీవీకి వీపు పెట్టి కూర్చున్నావేంటి?"

"వినడానికి ముఖం ఎటుంటే ఏంట్రా!" అని విసుక్కునేది.

ఆవిడకు వారమంతటికీ ఒకటే పండగ. ఆదివారం పొద్దున వచ్చే ఉత్తరం. రాసేది ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. కుండీల్లో మొక్కలు ఎలా పెంచాలో కబుర్లు కలిపి రాసి, అడిగినవాళ్లందరికీ ఈమెయిల్లో పంపిస్తాడు. పెద్దమ్మ ఆయన్ను చూసింది లేదు, మాట్లాడింది లేదు. తోట మాస్టారు అంటుంది, అంతే.

మొదట్లో ఆ ఉత్తరం అమ్మ చదివిపెట్టేది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను. "ఇక్కడేదో ఎరువు గురించి ఉందిలే అక్కా."

"ఆ 'ఏదో'నే చదవ్వే, తల్లీ!"

"పొయ్యి మీద మాడిపోతోంది, తర్వాత చదువుతా." ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు.

అందుకే పిడుగు ఒక ఆదివారం ఫోన్లో చదివే గొంతును పెట్టిచ్చింది. తెరమీద ఏముంటే అది పైకి చదువుతుంది. పెద్దమ్మ దానికి 'లోపలమ్మాయి' అని పేరు పెట్టింది. తలుపేసుకుని, కాళ్లు చాపుకుని, ఒక్కతే, ఎవరి దయా అక్కర్లేకుండా ఉత్తరం మొత్తం వినడం మొదలుపెట్టింది. ఆవిడ ముఖం చూస్తే పిడుగుకు జీతం పెరిగినంత సంబరం.

అయితే లోపలమ్మాయికి ఒక జబ్బుంది. ఉత్తరంలో లింకు వస్తే ఆగదు. మాస్టారు తన పాత వ్యాసాలకు లింకులిస్తాడు. ఆ లింకుల్లో తెలుగు మాటలుంటాయి. తెలుగు అక్షరం లింకులోకి వెళ్తే కంప్యూటరు దాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ముందు ఒక పర్సెంట్ గుర్తు తగిలిస్తుంది. ఇక చూస్కోండి. "హెచ్ టీ టీ పీ ఎస్ కోలన్ స్లాష్ స్లాష్... పర్సెంట్ ఈ జీరో పర్సెంట్ బీ జీరో పర్సెంట్ తొమ్మిది ఏడు..." పెద్దమ్మ స్నానం చేసి వచ్చినా ఆ ఒక్క లింకే నడుస్తుండేది.

"ఏమే పిడుగూ, ఇది గులాబీల గురించా, వడ్డీ లెక్కలా? ఇలాగైతే నా వల్ల కాదు. మీ అమ్మే నయం, కనీసం మనిషిలా ఎగ్గొడుతుంది."

ఆ మాట పిడుగుకు సూదిలా గుచ్చుకుంది. మళ్లీ అమ్మ గరిటె దగ్గరికి వెళ్లడమా? తను బతికుండగానా?

సరిగ్గా ఆ వారమే ఆఫీసులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు నేర్చుకుంది. ఏంటవి అంటారా? మామూలుగా కంప్యూటర్లో వెతకాలంటే మాట తెలియాలి కదా. ఇక్కడ మాట తెలియక్కర్లేదు, ఆనవాళ్లు చెబితే చాలు. పేరు తెలియని దొంగ గురించి "బట్టతల, ఎడమ కాలు కుంటి, చేతిలో సంచి" అని చెప్తామే, అలా. "హెచ్ టీ టీ పీతో మొదలవుతుంది, హెచ్ టీ ఎమ్ ఎల్‌తో అయిపోతుంది, మధ్యలో ఏమున్నా సరే" అని రాస్తే, అలాంటివి ఎన్నుంటే అన్నింటినీ పట్టుకొస్తుంది. పట్టుకున్నాక దాని లోపల ఏ గుర్తును తీసి ఏ గుర్తు పెట్టాలో కూడా చెప్పొచ్చు.

పిడుగు కూర్చుంది. ఉత్తరం ఫోనుకు చేరేలోపు దాన్ని శుభ్రం చేసే చిన్న ప్రోగ్రాము ఒకటి రాసింది. లింకును పట్టుకో. మొదట్లోని హెచ్ టీ టీ పీనీ, సైటు పేరునీ, చివరి హెచ్ టీ ఎమ్ ఎల్‌నీ కోసెయ్. లోపలి పర్సెంట్ ముక్కల్ని అతికించి మళ్లీ తెలుగు అక్షరాలు చెయ్. మాటల మధ్య డాష్‌లు తీసిపారెయ్. డాష్ స్థానంలో ఏం పెట్టాలో అడిగే గడిని, తొందరలో, ఖాళీగానే వదిలేసింది. పాత ఉత్తరం ఒకటి తీసి పరీక్షించింది. అందులో ఒకే లింకుంది. లోపలమ్మాయి "కుండీఅడుగునరాళ్లుఎందుకు" అని ఒక్క ఊపిరిలో చదివేసింది.

"అచ్చం నీలాగే చదువుతోందే!" అని పెద్దమ్మ పడీపడీ నవ్వింది. పిడుగు బాల్కనీలో రెండు గంతులేసి వచ్చింది.

తర్వాతి ఆదివారం పిడుగు, స్నేహితురాలు ఇల్లు మారుతుంటే, సామాన్లు మోయడానికి వెళ్లింది. ఉత్తరం వచ్చింది. పెద్దమ్మ తలుపేసుకుని వింది. గులాబీ కొమ్మ నాటడం గురించి. ఆవిడ బాల్కనీలో అప్పటికే ఒక కొమ్మ గుచ్చిపెట్టి ఉంది కూడా.

ఆ పై ఆదివారం ఉత్తరం రాలేదు.

పదయింది, పదకొండయింది. పెద్దమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిడుగు వచ్చి పక్కన కూలబడింది.

"ఇంకా రాలేదేంటి పెద్దమ్మా?"

"అలిగాడేమోనే."

"ఎవరు?"

"తోట మాస్టారు. పోయిన వారం కాస్త గట్టిగానే అనేశాలే." ఆ మాట అంటుంటే ఆవిడ పెదాల చివర చిన్న నవ్వొకటి కదిలింది. "ఉత్తరం అడుగున ఆయన నంబరుంటుంది కదా, దానికి నా గొంతుతో రెండు ముక్కలు పంపా. వింటావా?"

పిడుగు ఫోను అందుకుని నొక్కింది. పెద్దమ్మ గొంతు గదంతా మోగింది.

"మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరం విన్నాను. గులాబీ కొమ్మకు ఇరవై మూడు రోజులకోసారి నీళ్లు పొయ్యాలా? అప్పటికది పుల్ల కూడా అవదు, పొడైపోతుంది. సబ్బునీళ్లు యాభై ఆరు చుక్కలా? పురుగు పోవాలనా, మొక్కకు స్నానం చేయించాలనా? ఇక చిగురు వెయ్యీ పన్నెండు రోజులకొస్తుందట! అప్పటికి కొమ్మ ఉండాలి, కుండీ ఉండాలి, నేనుండాలి, మీరుండాలి. రాసింది ఓసారి చూసుకుని పంపండి బాబూ, కళ్లున్నాయిగా!"

పిడుగు చప్పున బాల్కనీలోని కొమ్మ వంక చూసింది.

"నువ్వు... నీళ్లు పోశావా మరి?"

"పోయనా? మట్టిలో వేలు పెడితే తెలీదూ? కొమ్మ బానే ఉంది. అది కాదే సంగతి." పెద్దమ్మ ముందుకు వంగి, రహస్యం చెప్పినట్టు గొంతు తగ్గించింది. "ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ నా తప్పులు పట్టుకోవడమే. ఉప్పనీ, చొక్కా అనీ. మొదటిసారి నేనొకరిది పట్టుకున్నా. అదీ చదువుకున్నాయనది, కళ్లున్నాయనది! ఎంత హాయిగా ఉందో చెప్పలేనే. కానీ ఉత్తరం ఆపేస్తాడనుకోలేదు. అదొక్కటే మనసులో పీకుతోంది."

పిడుగు ఏదో గొణిగి తన గదిలోకి పరిగెత్తింది. మాస్టారు పంపిన అసలు ఉత్తరం తెరిచింది. అందులో 2-3 రోజులు అనే ఉంది. 5-6 చుక్కలు. 10-12 రోజులు. పక్కనే తన ప్రోగ్రాము శుభ్రం చేసిన ఉత్తరం. 23. 56. 1012. డాష్‌లన్నీ మాయం. ఆ పాపం ఎవరిదో ఇంకా చెప్పాలా?

ఎందుకిలా అయిందంటే, ఈ ఉత్తరంలో రెండు లింకులున్నాయి. ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో. పిడుగు రాసిన ఆనవాళ్లు ఆశపోతువి. ఆ పనిలో ఉన్నవాళ్లు నిజంగానే వాటిని ఇంగ్లీషులో 'గ్రీడీ', అంటే ఆశపోతు, అంటారు. మొదటి లింకు దగ్గర మొదలుపెట్టి, అది అయిపోయినా ఆగకుండా, ముందింకేమైనా దొరుకుతుందేమోనని చివరి లింకు చివరిదాకా నోరు తెరుచుకుంటూ పోయింది. రెండు లింకుల మధ్య ఉన్న ఉత్తరమంతా దాని కడుపులోనే. ఇక దానికి ఉత్తరమంతా లింకే కాబట్టి, కనిపించిన డాష్‌నల్లా పీకేసింది. ఒకే లింకున్న ఉత్తరంతో పరీక్షిస్తే ఈ సంగతి ఎలా బయటపడుతుంది?

మందు మాత్రం చిన్నదే. ఆనవాళ్లలో 'ఏమున్నా సరే' అని చెప్పే నక్షత్రం గుర్తు పక్కన ఒక్క ప్రశ్న గుర్తు పెట్టాలి. పెడితే ఆ ఆశపోతు కాస్తా బద్ధకస్తుడైపోతుంది. మొదటి హెచ్ టీ ఎమ్ ఎల్ కనబడగానే "హమ్మయ్య, చాల్లే" అని కూలబడుతుంది. మళ్లీ తర్వాతి లింకు దగ్గర లేస్తుంది. పిడుగు ఆ గుర్తు పెట్టింది, అప్పుడు ఖాళీగా వదిలేసిన గడిలో ఈసారి మాటలు విడివిడిగా వచ్చేలా ఒక స్పేసు కొట్టింది, దొరికిన పాత ఉత్తరాలన్నీ, రెండు లింకులవీ, ఏడు లింకులవీ, వరసపెట్టి పరీక్షించింది. అన్నీ బంగారంలా వచ్చాయి.

మరి మాస్టారు? చెప్పులేసుకుని మెట్లు దిగి, వీధి చివర మూసి ఉన్న జెరాక్స్ షాపు అరుగు మీద కూర్చుని ఆయనకు ఫోన్ చేసింది. ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. పెద్దమ్మ, కళ్లు, లోపలమ్మాయి, లింకులు, ఆశపోతు.

చెప్పడం అయ్యాక ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"మాస్టారూ? ఉన్నారా?"

"ఉన్నానమ్మా. నెమ్మదిగా వింటున్నా, నువ్వు చెప్పింది ఇంకా అందుతోంది." గొంతు మెత్తగా ఉంది. "ఉత్తరం తీసి పదిసార్లు చూసుకున్నాను. రెండు మూడు అనే ఉంది. ఈవిడ నన్ను ఆటపట్టిస్తోందనుకున్నా. మనసు చివుక్కుమంది, ఈ వారం రాయబుద్ధి కాలేదు."

"తప్పంతా నాది సార్. పెద్దమ్మకు ఇప్పుడే చెప్పేస్తాను, ఆవిడే మీకు సారీ..."

"ఆగాగు. అంత పని చెయ్యకు."

"అదేంటి సార్?"

"చూడమ్మా, నా ఉత్తరాలు చదివి అందరూ 'చాలా బాగుంది మాస్టారూ' అంటారు. చదవనివాళ్లు కూడా అదే అంటారు. అంకె అంకె పట్టుకుని నన్ను తిట్టినావిడ మీ పెద్దమ్మగారొక్కరే. ఇప్పుడు నువ్వు చెప్తే ఆవిడ క్షమాపణ అడుగుతారు. ఆ తర్వాత మర్యాదగా మాట్లాడతారు. మర్యాద నాకు బోలెడుంది. ఆ తిట్లు ఉండనీ."

"కానీ మీరు చేయని తప్పు సార్ అది!"

"నలభయ్యేళ్లు బళ్లో పని చేశా. చేసి దొరకని తప్పులెన్నో ఉన్నాయి. ఇది వాటి లెక్కలో వేసుకుంటాలే." నవ్వాడు. "నీ ఇష్టం. చెప్తే చెప్పు, నేనేమీ అనుకోను. ఉత్తరం మాత్రం సాయంత్రానికి పంపిస్తా."

అన్నట్టే పంపాడు. ఎండ తగ్గిన బాల్కనీలో, కుండీ పక్కన, పెద్దమ్మ ఈసారి తలుపు వేసుకోలేదు. అమ్మను పిలిచింది, పిడుగును పిలిచింది. లోపలమ్మాయి చదివింది. "ఒక పాఠకురాలు నా ఉత్తరాన్ని నాకన్నా శ్రద్ధగా చూశారు. వారికి కృతజ్ఞతలు. గులాబీ కొమ్మకు రెండు డాష్ మూడు రోజులకోసారి నీళ్లు పోస్తే చాలు." లింకు వచ్చింది. "గులాబీ కొమ్మ నాటడం ఎలా" అని విడివిడిగా, ముత్యాల్లా చదివి ముందుకు సాగిపోయింది.

"విన్నావుటే!" పెద్దమ్మ చెల్లెలి భుజం మీద ఒక్కటి చరిచింది. "పాఠకురాలట! ఎవరనుకున్నావ్?"

"అబ్బో, ఇక మనం ఆగగలమా!" అంది అమ్మ, నవ్వుతూ భుజం రుద్దుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

పెద్దమ్మ చెయ్యి చాపి పిడుగు గడ్డం వెతికి పట్టుకుంది. "నీ లోపలమ్మాయి బంగారం తల్లీ. ఒక్క ముక్క పొల్లుపోనివ్వదు. దాన్నిలాగే నమ్ముకుని ఇక అన్నీ నేనే వినేస్తా. నువ్వు ఫోనులోకి ఎక్కిస్తే చాలు, పేపరూ, మందుల కాగితాలూ, అన్నీ."

మందుల కాగితాలు అనేసరికి పిడుగు చూపు ఫోను మీదికి పోయింది. చెప్తే? ఆ చెయ్యి కిందికి జారుతుంది. రేపటి నుంచి లోపలమ్మాయి ఏం చదివినా "ఏమో, నిజమో కాదో" అని ఫోను మళ్లీ అమ్మ గరిటె దగ్గరికి వెళ్తుంది. పెద్దమ్మ జీవితంలో పట్టుకున్న ఒక్క తప్పూ ఆవిడదే అయి కూర్చుంటుంది. చెప్పకపోతే? రేపెప్పుడో మళ్లీ ఒక గీత మాయమైతే, మట్టిలో వేలు పెట్టి తెలుసుకున్నట్టు మందుల దగ్గర కుదరదు. పైగా పాపం, ఒక పెద్దాయన నెత్తిన నిష్కారణంగా నింద.

"ఏంటే, మాట్లాడవు? పిడుగుకు కూడా నోరు పడిపోయిందా?" అంటోంది పెద్దమ్మ నవ్వుతూ. "నిజం చెప్పు. నేను కాబట్టి పట్టుకున్నా. ఇంకొకరైతే పట్టుకునేవాళ్లా?"

పిడుగు నోరు తెరిచింది. పెద్దమ్మ చెవి ఇటు తిప్పి ఎదురుచూస్తోంది. మీరే ఆ పిల్లయితే ఏం చెప్తారు?