టమాటా గడియారం

ఆ కణాల చేతులు వాటంతటవే లేకుండా పోయాయా, నేనే కోసేశానా? పదకొండేళ్లుగా ఆదివారం చర్చిలో మోకరిల్లగానే ఈ సందేహమే ముందుకొస్తుంది.

కోర్దోబా నగరంలోని ఒక క్యాన్సర్ పరిశోధనశాలలో నేను సహాయకురాలిని. కణాలకు ఆహారం మార్చడం, గాజుసామాను కడగడం నా పని. కణం ఒంటిమీద పక్కదాన్ని పట్టుకుని ఉండే ప్రోటీన్లుంటాయి. మేం చేతులంటాం. అవి పట్టు వదిలాయా, లోపల పెరగమని కబురు పుడుతుంది. కణం గూడు విడిచి రక్తంలో పడి ఇంకోచోట కాపురం పెడుతుంది. ఒక మందుతో ఆ చేతుల్ని మళ్లీ మొలిపించవచ్చని రొమినా నమ్మింది. పరిశోధన చేసే అమ్మాయి. ఒకసారి కళ్లారా చూసింది కూడా. రెండోసారి చూపిస్తేనే పని సాగుతుందన్నారు పెద్ద డాక్టరుగారు.

పళ్లెం అడుగున అతుక్కున్న కణాలు ఊడిరావడానికి ఒక ద్రవం పోస్తాం. నాలుగు నిమిషాలే. మించితే అది చేతుల్నే కోసేస్తుంది. అందుకని రొమినా టమాటాలా ఉండే, తిప్పిపెట్టినన్ని నిమిషాలకి గంట కొట్టే వంటింటి గడియారం నా చేతిలో పెట్టింది. "దోన్యా నెలీ, మా అమ్మమ్మది. మళ్లీ ఇచ్చేయాలి సుమండీ!" అంది. పెద్దవాళ్లని మర్యాదకి దోన్యా అంటారిక్కడ.

దాన్ని నేను ఇంటికి తీసుకుపోయాను, ఆదివారం గుడ్లు ఉడికించడానికి. ఆదివారం నిప్పులమీద మాంసం కాల్చేది మావారు ఎవరిస్టో. గుడ్లు, బంగాళాదుంపలు ఉడికించి, సలాడ్ కలిపి, ఇరవై పళ్లేలు తోమేది నేను. "కాల్చినాయనకి చప్పట్లు!" అంటారు చుట్టాలు. తడిచేతులతో నేనూ కొడతాను.

ఆ సోమవారం, రెండోసారి పరీక్షకి కణాలు ఊడదీసే రోజున, గడియారం వంటింట్లోనే ఉండిపోయింది. ద్రవం పోశానో లేదో, మావారి ఫోను. బయటికెళ్లి ఎత్తాను.

"అమ్మ కంటి చుక్కలెక్కడ తగలేశావ్?"

"ఫ్రిజ్ తలుపులో."

"కనపడి చావట్లేదు!"

వెనకనుంచి అత్తగారు, "దానికి ఇల్లెక్కడ పడుతుందిరా, అక్కడ పురుగుల్ని పెంచుతోందిగా!"

తిరిగొచ్చేసరికి ఎంతసేపయిందో తెలీదు. ప్రయోగాల పుస్తకంలో మాత్రం నాలుగు నిమిషాలని రాశాను.

పరీక్షలో చేతులు కనపడలేదు. "మొదటిసారి నువ్వు చూసింది నీ ఆశనే, అమ్మాయ్," అన్నారు డాక్టరుగారు. పని ఆపేశారు; రొమినా వెళ్లిపోయి బడిలో పాఠాలు చెప్పుకుంటోంది. గడియారం మా వంటింట్లోనే ఉండిపోయింది.

ఫాదర్‌గారికి అన్నీ చెప్పుకున్నాను. "దేవుడు క్షమించాడమ్మా, వెళ్లి ఇల్లు చూసుకో," అన్నారు. క్షమించే ఉంటాడు. కానీ నేను తీసుకున్నది దేవుడి దగ్గర కాదుగా? ఇల్లు చూసుకోబట్టే కదా ఇదంతా జరిగింది?

మొన్న శుక్రవారం, పుస్తకంలో రాసింది అబద్ధమని, తప్పు రొమినాది కాదని రాసి, సంతకం చేసి డాక్టరుగారికి ఇచ్చాను. ఈ ఆదివారం చర్చినుంచి ఇంటికి పోకుండా, ఆ కాగితం నకలూ గడియారమూ పట్టుకుని రొమినా గుమ్మంలో నిలబడ్డాను. చెబుతుండగానే ఫోను మోగింది.

"గుడ్లు ఎంతసేపు ఉడకాలే?" మావారు.

"ఉడికేదాకా," అని కట్టేశాను.

రొమినా కాగితం రెండుసార్లు చదివింది. "పదకొండేళ్లూ మీ గుడ్లు మాత్రం బాగా ఉడికాయన్నమాట."

గడియారం ముందుకు చాపాను.

"క్షమించానని నేననలేను, దోన్యా నెలీ."

"అనొద్దమ్మా. గడియారం తీసుకో."

తీసుకుంది. నాలుగు నిమిషాల దగ్గరికి తిప్పి చెవి దగ్గర పెట్టుకుంది.