మూడువందల అడుగుల కింద మొక్కులు

తెలకపల్లి దగ్గరి ఆ ఊర్లో రాములమ్మకు తెల్లవారేది బోరింగు కాడనే. రెండు బిందెలు నిండాలంటే ఆ చేతిపంపును ఎంతసేపు కొట్టాలంటే, పక్కన కట్టేసిన మేక ఈని, పిల్లకు నడక నేర్పి, దాంతో ఒక పూట పోట్లాడి, మళ్లీ చూలు కట్టేది. మూడేండ్లుగా వాన లేదు. ఊర్లో ఈగలు కూడా దూప తట్టుకోలేక పూణె బస్సెక్కాయి. మనుషుల సంగతి సరే సరి, దసరా దాటిందంటే ఇంటికో తాళం.

రాములమ్మ, ఆమె మొగుడు వెంకటయ్య పదకొండేండ్లు పూణెకు మట్టిపనికి పోయొచ్చారు. పూణె సగం వాళ్లు ఎత్తిన తట్టలతోనే లేచింది. ఈ యేడు మాత్రం పోవద్దనుకున్నారు. కూతురు యమున పదో తరగతికొచ్చింది. వెంట తీసుకుపోతే పరీక్ష పోతుంది, పదిహేనేండ్ల పిల్లను ఒక్కదాన్నే ఇంట్లో వదిలిపోయే ధైర్యం లేదు. అందుకని చేన్లో బోరు వేయించారు. నీళ్లు పడితే ఊర్లోనే ఉండడం, పడకపోతే ముగ్గురూ పూణె.

నీళ్ల జాడ చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోటే బోరు బండి పెట్టారు. అది రెండు రోజులు గర్జించింది. ఆ చప్పుడుకు నాగర్‌కర్నూల్లో ఇండ్ల గోడలు బీటలిచ్చాయి. మూడువందల అడుగుల దగ్గర దుమ్ము ఆగిపోయి, పైపులోంచి కమ్మటి పోపు వాసన వచ్చింది. దాని వెనకే ఒక గొంతు.

"పైనున్నోళ్లారా, ఈ యేడన్న ఒక్క చుక్క పొయ్యుండ్రి. మొక్కి మొక్కి మోకాళ్లు అరిగినయి."

ఈ దిక్కు మూడువందలు దాటితే జనం తగులుతారనీ, మొన్న ఇంకో ఊర్లో ఏకంగా పెండ్లి బాజా వినబడిందనీ చెప్పి, డ్రైవరు తన బండి తీసుకొని వెళ్లిపోయాడు.

గుడి పూజారి అనంతయ్య వచ్చి పైపుకు చెవి ఆనించాడు. "పాతాళమే. బలిచక్రవర్తి జనం. మన పురాణాలల్ల ఉన్నరు."

చర్చి పాస్టరు యేసుబాబు వంగి ముక్కు ఆనించాడు. "నరకమైతే గాదు. గంధకం వాసన లేదు, ఎల్లిపాయ వాసనుంది."

"పాతాళంల ఎల్లిపాయ తినరు," అన్నాడు అనంతయ్య.

"అట్లయితే పాతాళం గూడ గాదు."

ఇద్దరూ మూడు లోకాలనూ నలిపి పిండి చేసి, ఆకలై ఇండ్లకు పోయారు. వెంకటయ్య మాత్రం ఒకటే మాటన్నాడు. "నీళ్లయితే లేవు గద." పైపు మీద బండ పెట్టి, మూటలు కట్టడానికి పోయాడు.

రాములమ్మ అక్కడే ఉండిపోయింది. ఆ గొంతులో అలసట ఆమెకు తెలిసినదే. బండ జరిపి, తన బిందెలోంచి ఒక చెంబు నీళ్లు పైపులో పోసింది. ఒక తమలపాకు నమిలి ఊసేంత సేపు ఏమీ లేదు. తర్వాత కింద గోల. పడింది, పడిందని అరుపులు, డప్పులు. పొద్దు వాలే వేళకు బెల్లం పాయసం వాసన పైకొచ్చింది. అంతా వాసనే, మెతుకు లేదు. ఇన్నేండ్లు తాను పెట్టిన నైవేద్యంలో దేవుండ్లకు అందింది ఇంతే కదా అని తలుచుకొని, రాములమ్మ మొదటిసారి ఆ దేవుండ్ల మీద జాలిపడింది.

అప్పట్నుంచి రోజుకో చెంబు. మొక్కులూ పెరిగాయి. ఒకడు తప్పిపోయిన గొర్రె కావాలంటాడు, ఒకామె అత్త నోరు మూయించమంటుంది. రాములమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకొని అన్నీ వినేది.

"ఒక్క మాటన్న పలకవేందమ్మా?" అంది యమున.

"ఏమని పలకాలె బిడ్డా? మా అత్త నోరు నేనే మూయించలేకపోతి."

పూణె బస్సు వచ్చే రోజు వచ్చింది. కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ ఇద్దరిద్దరి జోడీలనే తీసుకుపోతాడు, ఒంటి మనిషికి పని లేదు. రాములమ్మ చెంబు పట్టుకొని అనంతయ్య ఇంటికి పోయింది.

"పంతులూ, రోజుకొక్క చెంబు పోస్తవా?"

"ఎందుకు పొయ్యను? ముహూర్తం చూసి పోస్త. ఈ నెలంత మూఢం."

యేసుబాబు దగ్గరికి పోయింది.

"పోస్త చెల్లె. ఆదివారం ఆదివారం, ప్రార్థన అయినంక."

మిగతా ఇండ్లన్నిటికీ తాళాలే. రాములమ్మ తిరిగొచ్చి మూట విప్పింది.

"నువ్వు మాసయ్యతోని పో. పెండ్లాం సచ్చిపోయినంక జోడీ లేక తిరుగుతుండు. నేనొస్తలేను, పిల్ల రాదు."

"ఎండిన బోరుకు నీళ్లు పొయ్యనీకె ఉంటవా?" అన్నాడు వెంకటయ్య.

"మరి మీ దేవుడు పూణె పోయిండని వాళ్లకు ఎవరు చెప్పాలె? నువ్వు చెప్పు, పైపు ఆడనే ఉంది."

వెంకటయ్య పైపు దిక్కు పోలేదు. తలెత్తి ఆకాశం చూశాడు. మూడేండ్లుగా ఎట్లుందో అట్లనే ఉంది.

"మన దేవుడు గూడ గిట్లనే ఏడికన్న పోయిండేమో."

"పోతే పోయిండు. కూలి గిట్టుబాటైతే వస్తడు."

వెంకటయ్య నవ్వకుండా బస్సెక్కాడు. యమున మూటలోంచి తన పుస్తకాలు తీసుకుంది.

లెక్కల పరీక్ష రోజుకు ఎండ ఎట్లుందంటే, బల్లులు చెప్పులడిగేవి. యమునతో గుడిలో దండం పెట్టిద్దామంటే గుడికి తాళం. మూఢం పోయిన మర్నాడే అనంతయ్య పూణె పోయి గృహప్రవేశాలు చేయిస్తున్నాడు. రాములమ్మ పిల్లను పైపు దగ్గరికి తీసుకుపోయింది. చెంబు వంచింది. ఇన్ని నెలల్లో మొదటిసారి నోరు తెరిచింది.

"ఓ కిందోళ్లూ. మా పిల్లకు ఇయ్యాల లెక్కల పరీక్ష. జర మొక్కుండ్రి."

కింద డప్పు ఆగిపోయింది. గొర్రెల అరుపు కూడా ఆగిపోయింది. ఒక చిన్నపిల్ల గొంతు వినబడింది.

"అమ్మా, దేవుడే మొక్కమంటుండు. మనం ఎవరికి మొక్కాలె?"

ఆ తల్లి లేచినట్టుంది.

"చెంబు తే," అంది.

పరుగెత్తిన అడుగులు. ఏదో బండ జరిగిన చప్పుడు. ఆ తర్వాత వాళ్లకూ కింద, ఎంతో లోతున, నీళ్లు పడ్డ చప్పుడు. ఇంకాసేపటికి, చీమ నడిచినంత సన్నగా, వేరే డప్పు మొదలైంది.

యమున పరీక్ష అట్ట పట్టుకొని నిలబడి ఉంది. "ఏమన్నరమ్మా?"

రాములమ్మ పైపు మీద బండ మెల్లగా పెట్టింది.

"అందిందట. పో బిడ్డా, బస్సొస్తది."